మగ్గం కింది అద్దం

“ఆ పలక కిందికి దించేదానికి లేదు మా. చెప్తాండా కదా!”

వెంకటరాముడు గొంతు తగ్గించి అరిచాడు. అట్లా అరవడం ఆ ఇంట్లో నిన్న సాయంత్రం నుంచే మొదలైంది. హిందూపురంలో కంటి డాక్టరుకు చూపించుకుని, ప్యాసింజరు బండి దిగి ముగ్గురూ ఇల్లు చేరిన దగ్గర్నుంచీ, గట్టిగా అనవలసిన మాటలన్నీ గుసగుసలుగానూ, అనక్కరలేని మాటలన్నీ గట్టిగానూ అంటున్నారు.

నరసమ్మ అటక వైపు చూసింది. నిచ్చెన అక్కడ లేదు. కొడుకు దాన్ని కూడా ఎక్కడో దాచిపెట్టాడు.

పెరట్లో ఆమె భర్త కుళ్ళాయప్ప స్నానం చేస్తున్నాడు. చెంబు బానలో మునిగిన చప్పుడు, ఒంటి మీద నీళ్ళు పడిన చప్పుడు, మళ్ళీ చెంబు చప్పుడు. ఆ చప్పుడు ఆగేలోపల మాట్లాడుకోవలసింది మాట్లాడుకోవాలి.

మూలన కూర్చుని పట్టు కండెలు చుడుతున్న కోడలు మునెమ్మ రాట్నం ఆపబోయింది.

“ఆపొద్దు. తిప్పుతా ఉండు” అన్నాడు వెంకటరాముడు. రాట్నం చప్పుడుంటే మాటలు పెరట్లోకి పోవని అతని లెక్క.

మునెమ్మ తలవంచుకుని తిప్పుతూనే ఉంది.

“పలక యాడ అని మీ నాయన అడిగితే ఏమని చెప్పల్ల రా?” అంది నరసమ్మ.

“పగిలిపోయిందని చెప్పు.”

“ఎట్ల పగిలిందంటే?”

“మా, నీకేమన్నా అర్థమైతాందా? డాక్టరు ఏమన్యాడు? పొర కాదన్యాడు. కోస్తే వచ్చేది కాదన్యాడు. లోపల నరం ఎండిపోయింది, ఉగాదికంతా రెండు కండ్లూ పోతాయన్యాడు. నువ్వూ విన్యావు కదా! చూపు పోయే మనిషికి అ ఆలు యాలమ్మా?”

నరసమ్మ పెరటి వైపు చూసింది.

కుళ్ళాయప్పకు చెప్పింది వేరు. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి, బెంచీ మీద కూర్చున్న తండ్రి చెయ్యి పట్టుకుని కొడుకే చెప్పాడు: ‘పొర ఇంకా పండలేదంట నాయనా. పండినాక కోస్తారంట.’ కుళ్ళాయప్ప ఆ మాటకు తలూపి, ‘అట్లనే, పండనీలే’ అన్నాడు. రైల్లో పెనుకొండ కొండ దాటేటప్పుడు కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుని, ‘కోట కనపడతాందా నరసీ?’ అని అడిగాడు. ‘కనపడతాంది’ అంది నరసమ్మ. ఆ పైన ధర్మవరం దాకా కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు.

“మూడేండ్ల ముందే వచ్చింటే నిలిచేదంట కదా అత్తా” అంది మునెమ్మ, రాట్నం మీదినుంచి కళ్ళెత్తకుండా. “మామ అప్పుడే ఎందుకు చెప్పల్యా?”

“అదే నేనూ అడిగేది!” వెంకటరాముడి గొంతు కాస్త లేచింది. మళ్ళీ తనే తగ్గించుకున్నాడు. “మోకాలు నొప్పి అని మగ్గం దిగినాడు. మోకాలికి ఎన్ని నూనెలు రాసినా నేను! ఆముదం రాసినా, వేపనూనె రాసినా. మోకాలు కాదురా, కండ్లు పోతాండాయి అని ఒక్క మాట అన్యాడా? కన్నకొడుకు దగ్గర దాచిపెట్టేంత గుట్టు ఏమొచ్చింది ఆయప్పకు? చెప్పుమా, నీకేమన్నా తెలుసునా?”

నరసమ్మ చీర కొంగును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

“నాకేం తెలుసు” అంది.

చెంబు చప్పుడు ఆగింది.

కుళ్ళాయప్ప తువ్వాలు భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. ఒక చేత్తో గోడను తాకుతూ నడవడం అతనికి ఈ మధ్యే అలవాటైంది. గోడ మీద అతని చెయ్యి పోయే దారంతా సున్నం నునుపు దేలింది.

“నరసీ, నా పలక యాడ పెట్నావే? ఇయ్యాల మంగళవారం. గురువారం పెనుకొండ నుంచి ఆఫీసరొస్తాండాడు. మధ్యలో ఒక్క దినమే ఉండాది.”

రాట్నం ఒకటే తిరుగుతోంది.

“నాయనా, పొర పండేవరకూ కంటికి పని పెట్టగూడదన్యాడు డాక్టరు” అన్నాడు వెంకటరాముడు గట్టిగా.

కుళ్ళాయప్ప నవ్వాడు. “పొర పండేది పండుతుంటాది, నేను దిద్దేది దిద్దుతుంటా. దానికీ దీనికీ ఏం సంబంధంరా?”

“పదిమందిలో నగుబాటు నాయనా! ఆ అక్షరాలన్నీ నువ్వు తిరగేసి రాస్తాండావు. ఊర్లో ఇప్పటికే ముసలోళ్ళ బడి అని నగుతాండారు. మొన్న అంగట్లో ఒగడు అడిగినాడు నన్ను, మీ నాయనకు జడలేసి పంపిస్తాండావా అని!”

“జడకు జుట్టు యాడుండాదిరా నాకు?” అన్నాడు కుళ్ళాయప్ప, బట్టతల తడుముకుంటూ.

మునెమ్మకు నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపొచ్చింది. రాట్నం వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నరసమ్మ లేచి జొన్నల గాదె పక్కన పీట వేసింది. పీట మీదినుంచి గాదె మీదికి ఎక్కింది. అరవై ఏళ్ళ మనిషి అట్లా ఎక్కుతుంటే వెంకటరాముడు నోరు తెరిచి, మూసి, చివరికి దగ్గరికొచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు, పడిపోకుండా. తల్లి పలక తీస్తుంటే కొడుకు కింద నిలబడి కాపలా కాశాడు.

“చూసేది నా చేత కాదు మా” అన్నాడు చిన్నగా, ఆమె దిగాక. “ఆ పలక మీద ఆయప్ప వంగి కూర్చుంటే చూసేది నా చేత కాదు.”

*

ఆశీర్వాదం ఐవారు ముప్పై రెండేళ్ళు పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. భార్య ఎస్తేరమ్మ పోయాక, ఒంటరి ఇంట్లో మధ్యాహ్నాలు గడవక, కొత్తగా పెట్టిన బ్లాకాఫీసు వాళ్ళను అడిగి ఒక హాజరు పుస్తకం, ఎనిమిది పలకలు తెచ్చుకున్నాడు. పోయిన ఏడాది వానాకాలంలో తన ఇంటి వసారాలో బడి మొదలుపెట్టాడు. పనులు చాలించుకున్న వాళ్ళకే ఆ బడి.

“రిటైరయ్యేది గవర్నమెంటోళ్ళు ఐవారూ. మగ్గానికి రిటైరు యాడిది?” అన్నాడు కుళ్ళాయప్ప మొదటి రోజున.

“మగ్గానికి లేదు. నీకుండాది. కూర్చో” అన్నాడు ఐవారు.

ఆనాడు హాజరు పుస్తకంలో ఎనిమిది మందీ వేలిముద్రలు వేశారు. ఏడాది తిరిగేసరికి ప్రతి వేలిముద్ర పక్కనా ఒక సంతకం ఉండాలని ఐవారి పంతం. గురువారం ఆఫీసరు చూడబోయేది ఆ పేజీనే.

మంగళవారం మధ్యాహ్నం నరసమ్మ భర్త చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకొచ్చింది. తను ఎప్పటిలాగే స్తంభానికి ఆనుకుని, చేటలో పప్పు పోసుకుని కూర్చుంది. ఆమె పేరు పుస్తకంలో లేదు. ఐవారు రెండుసార్లు అడిగాడు. ‘నాకెందుకు సామీ, ఆయప్పను తోలుకొచ్చేదానికి వస్తాండా’ అంది రెండుసార్లూ.

ఐవారు పేర్లు పిలిచాడు.

“శంకరప్పా!”

“ఇంగా ఉండా” అన్నాడు శంకరప్ప. రైల్వేలో పట్టాలు మరమ్మతు చేసి రిటైరైన మనిషి. రోజూ అదే జవాబు. రోజూ అందరూ నవ్వుతారు.

“సిద్ధమ్మా!”

“ఉండా నాయనా.”

ఆ తర్వాతి పేరు దగ్గర ఐవారు ఒక్క క్షణం ఆగాడు. అది జయరాముడి పేరు. మొన్న దసరాకు ముందు పోయాడు. పేరు కొట్టెయ్యమని ఎవరూ అనలేదు, ఐవారు కొట్టెయ్యలేదు. పిలవడు, దాటడు. ఒక్క క్షణం ఆగుతాడంతే. గోడకు తగిలించిన జయరాముడి పలక మీద అతను చివరగా రాసిన ‘జ’ ఇంకా అట్లాగే ఉంది.

“కుళ్ళాయప్పా!”

“ఉండా ఐవారూ.”

సిద్ధమ్మ పక్కకు వంగి కుళ్ళాయప్ప పలకలోకి తొంగి చూసింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని ఆమె. “ఏమబ్బా కుళ్ళాయప్పా, నీ అక్షరాలన్నీ ఎదురుకాళ్ళతోనే పుడతాండాయే! ఒగటన్నా తలతో వస్తాదేమో అని చూస్తాండా, రాదే!”

“నువ్వే రొంత చెయ్యేసి తిప్పు సిద్ధక్కా” అన్నాడు కుళ్ళాయప్ప.

అందరూ నవ్వారు. ఐవారు నవ్వలేదు. కుళ్ళాయప్ప ఎడమచేతి బొటనవేలు పలక చట్రాన్ని కొలుచుకుంటూ పోవడం, ఆ వేలు ఆగిన చోటే బలపం దిగడం చూస్తున్నాడు.

కుళ్ళాయప్ప అక్షరాలు తిరగబడటానికి కారణం అక్కడున్న వాళ్ళలో నరసమ్మ ఒక్కతెకే తెలుసు. తండ్రి దగ్గర అతను నేర్చింది చీరను బోర్లా నేసే పద్ధతి. నేసేవాడి కంటికి ఎదురుగా ఉండేది చీర వెనకవైపు. ముందువైపు నేలను చూస్తూ ఉంటుంది. అతని చెయ్యి కుడినుంచి ఎడమకు పోతే, చీర కట్టుకున్న ఆడమనిషి కొంగు మీద హంస ఎడమనుంచి కుడికి నడుస్తుంది. నలభై ఏళ్ళు ఆ చెయ్యి అట్లాగే నడిచింది. ఇప్పుడు పలక ముందర కూర్చోబెట్టి, ఐవారు రాసి చూపించిన అక్షరాన్ని రాయమంటే, ఆ అక్షరం లోకానికి సరిగ్గా కనపడాలంటే తను తిరగేసి వెయ్యాలి కదా అని చెయ్యి తనకు తానే అనుకుంటోంది.

బడి వదిలాక, కుళ్ళాయప్ప శంకరప్పతో మాట్లాడుతుండగా, ఐవారు స్తంభం దగ్గరికొచ్చాడు.

“డాక్టరేమన్నాడు నరసమ్మా?”

“పొర పండలేదన్యాడు సామీ.”

“నాతో కూడానా?”

నరసమ్మ చేటలోని పప్పు అటూ ఇటూ కదిపింది. రాళ్ళు ఏరడం ఎప్పుడో అయిపోయింది.

“ఉగాదికంతా...” అని ఆగిపోయింది.

ఐవారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

“ఆయనకు చెప్పినారా?”

“ల్యా.”

“చెప్పల్ల నరసమ్మా.”

“ఎట్ల చెప్పేది సామీ? గురువారం వస్తాది, సంతకం పెడతా, పొర కోపిచ్చుకుంటా, తర్వాత పేపరు చదువుతా అని పిల్లోని మాదిరి వేళ్ళు లెక్క పెట్టుకుంటాండాడు.”

“ఎస్తేరమ్మ విషయంలో డాక్టరు చెప్పింది నేను చెప్పలేదు” అన్నాడు ఐవారు. “నయమైపోతాదన్నాను. రోజూ అదే చెప్పినాను. చివర్లో ఆమెకే తెలిసిపోయింది. అప్పుడొక మాట అనింది నన్ను. ముందే చెప్పింటే మా అక్కను ఒకసారి చూసి వచ్చేదాన్ని కదా, అని. అంతే. అంతకన్నా ఏమీ అనలేదు.”

నరసమ్మ చేట ఎత్తి చంకన పెట్టుకుంది.

“కోప్పడి ఉంటే బాగుండేది” అని, ఐవారు లోపలికి వెళ్ళిపోయాడు.

*

బుధవారం పొద్దున కుళ్ళాయప్ప పెరట్లో నేల మీద వేలితో దిద్దుతున్నాడు. పలక చిన్నదట. చెయ్యి ఆడటం లేదట. వెంకటరాముడు సంతకు పోయాడు. మగ్గం ఖాళీగా ఉంది.

నరసమ్మ మగ్గం ముందు కూర్చుంది. సగం నేసిన చీర కిందికి చెయ్యి పోనిచ్చి, నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంట అంచున తడిమింది. అద్దం అక్కడే ఉంది. పెళ్ళైన ఏడాది కదిరి తేరు తిరునాళ్ళలో కొన్న చేతి అద్దం. ఒక మూల విరిగింది.

ఆ ఇంట్లో రోజూ పొద్దువాలే ముందు ఒక పని ఉండేది. కుళ్ళాయప్ప పోగు మోసే నాడె పక్కన పెట్టి, ‘చూడే’ అనేవాడు. నరసమ్మ నేల మీద కూర్చుని, అద్దాన్ని చీర కిందికి పట్టి, ఆ రోజు నేసిన జానెడో మూరెడో చీర ముందువైపు చూసేది. చూసి, ‘బాగుండాది’ అనేది. ఆ మాట విన్నాకే అతను మగ్గం గుంటలోంచి లేచేవాడు. తప్పుంటే తప్పని చెప్పేది. ముప్పై ఎనిమిదేళ్ళలో తప్పని చెప్పింది ఏడెనిమిది సార్లేనేమో.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం అద్దంలో హంస మెడ తెగి కనిపించింది. రెండు పోగులు పక్కకు పోయాయి. అది పిల్లలు చేసే తప్పు. కుళ్ళాయప్ప చేసే తప్పు కాదు.

‘చూసినావా?’ అన్నాడు పైనుంచి.

‘బాగుండాది’ అంది నరసమ్మ.

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. నేతగాడి కంటి మీద ఒకసారి మాట పడిందంటే ఆ గడపకు షావుకారు పట్టు పంపడు. వెంకటరాముడికి అప్పటికింకా చెయ్యి కుదరలేదు. మరునాడు పొద్దున భర్త గుడికి పోయిన వేళ చూసి, ఆ హంస దాకా ఊడదీసింది. అతను వచ్చాక, పిల్లి మగ్గం మీద దూకింది, పోగులు తెగినాయి అని చెప్పింది. అతను పోగులు అతికి, మళ్ళీ నేశాడు. ఆ నెలలో పిల్లి మూడుసార్లు దూకింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అతను మోకాలు నొప్పి అన్నాడు. ‘అట్లయితే దిగు, పిల్లోడు చూసుకుంటాడు’ అంది నరసమ్మ. అతను దిగాడు. ఆమె గుండె తేలికపడింది కూడా.

‘మూడేండ్ల ముందే వచ్చింటే’ అన్నాడు హిందూపురం డాక్టరు.

అద్దం చీర కొంగులో చుట్టి నడుముకు దోపుకుంది. ఈ అద్దం భర్త చేతిలో పెట్టి అంతా చెప్పేద్దామనుకుంది. పెరటి గుమ్మం దాకా వెళ్ళింది కూడా.

కుళ్ళాయప్ప అలికిడి విని తలెత్తాడు. “చూడే, బాగుండాదా?” అన్నాడు, దుమ్ములో తను రాసిన దాన్ని చూపిస్తూ.

రాసింది ఎక్కడుందో, అతని వేలు చూపించింది అక్కడ కాదు.

“బాగుండాది” అని, నరసమ్మ వెనక్కి తిరిగింది.

*

గురువారం ఆఫీసరు జీపులో వచ్చాడు. కుర్రవాడు, కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడే కానీ, సాయంత్రంలోగా ఇంకో రెండు ఊళ్ళు చూడాలట. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

వసారా నిండా జనం. నవ్వడానికి వచ్చినవాళ్ళు కొందరు, నవ్వినవాళ్ళను కసరడానికి వచ్చినవాళ్ళు కొందరు. వెంకటరాముడు రాలేదు. ఇంట్లో మగ్గం మీద ఉన్నాడు.

హాజరు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టారు. శంకరప్ప సంతకం పెట్టాడు. పట్టా మీద సుత్తి వేసినట్టు ఒక్కొక్క అక్షరానికీ ఊపిరి బిగబట్టాడు. సిద్ధమ్మ పెట్టింది. “సుఖప్రసవం” అని తనే ప్రకటించుకుంది. ఆఫీసరు కూడా నవ్వాడు.

“కుళ్ళాయప్పా” అన్నాడు ఐవారు.

నరసమ్మ భర్తను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, అతని ఎడమ బొటనవేలిని పుస్తకం మీద ఏడాది కిందటి వేలిముద్ర పక్కన పెట్టింది. కుళ్ళాయప్ప ఆ వేలిని గట్టుగా పెట్టుకుని కలం దించాడు. గడికి కుడి చివర దించాడు. అక్కడినుంచి ఎడమకు నడిచాడు. పోగు తర్వాత పోగు వేసినట్టు, తొందర లేకుండా రాశాడు. రాసి, కలం ఎత్తి, మొహం పైకెత్తి నిలబడ్డాడు.

ఆఫీసరు వంగి చూశాడు. పుస్తకాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“ఇవేం అక్షరాలండీ? ఒక్కటీ తెలుగులా లేదు.” అప్పుడు కుళ్ళాయప్ప కళ్ళవైపు చూశాడు. గొంతు మెత్తబడింది. “పాపం, పెద్దాయనకు చూపు లేనట్టుంది. ఫరవాలేదు మాస్టారూ, వేలిముద్రే వేయించండి.”

సిరా పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. సిద్ధమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగింది.

కుళ్ళాయప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ముద్ర ఒగసారి వేసినా సార్. రెండో తూరి వేసేదానికి రాల్యా నేను.”

ఐవారు ఏదో చెప్పబోయాడు.

అప్పుడు నరసమ్మ నడుములోంచి అద్దం తీసింది. కొంగుతో ఒకసారి తుడిచి, సంతకం పక్కన పుస్తకం మీద నిలబెట్టి పట్టుకుంది. ఇన్నాళ్ళూ చీర కింద పట్టినట్టే, కొంచెం వాలుగా.

“దీంట్లో చూడు నాయనా” అంది ఆఫీసరుతో.

అతను వంగాడు. పెదవులు కదిలాయి. మొదట లోలోపల, తర్వాత పైకి చదివాడు.

“కు... ళ్ళా... య... ప్ప.”

గుణింతం తప్పలేదు. ఒత్తు తప్పలేదు. అద్దంలో పేరు తీర్చిదిద్దినట్టుంది.

ఆఫీసరు సిరా పెట్టె మూత మూశాడు.

*

దారిలో కుళ్ళాయప్ప తల వంచుకుని నడిచాడు. శంకరప్ప వెనకనుంచి, “ఏమప్పా, గెలిచినావు కదా, వక్కాకు లేదా?” అని కేకేసినా తిరగలేదు. నరసమ్మకు భయం పట్టుకుంది. ‘చూపు లేనట్టుంది’ అన్న మాట గుచ్చుకుందేమో అనుకుంది.

ఇంటి ముందు అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. లోపల మగ్గం ఆడుతోంది. మునెమ్మ రాట్నం తిరుగుతోంది.

“ఆ అద్దం ఇట్లియ్యి” అన్నాడు కుళ్ళాయప్ప.

ఇచ్చింది. అతను వేళ్ళతో తడిమాడు. విరిగిన మూల దగ్గర వేలు ఆగింది.

“మగ్గం కిందిదే.”

“ఊఁ.”

“నేసిన చీర మొకం నేను ఏ పొద్దూ ముందుగా చూసుకోల్యా నరసీ. నువ్వు దీంట్లో చూసి బాగుండాది అంటే నాకు బాగున్నట్టే. అంతే కదా మన సంసారం.”

నరసమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

“హిందూపురంలో డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి మీ ఇద్దర్నీ లోపలికి పిలిచినాడు. ఏమన్యాడో నేను వినల్యా. నువ్వు విన్యావు. ఇప్పుడు నువ్వే చెప్పు.” అతను మొహం ఆమె వైపు తిప్పాడు. “బాగుండాదా?”

ఆ మాట నరసమ్మ నాలుక మీదే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అనీ అనీ అరిగిన మాట. నిన్న పొద్దున కూడా అన్న మాట. ఈ ఒక్కసారి మాత్రం బయటికి రాలేదు.

వీధిలో పట్టు ఆరబెట్టే దండెం కింద ఒక మేక నిలబడి ఉంది. నరసమ్మ దాన్నే చూస్తోంది. కుళ్ళాయప్ప ఎదురు చూశాడు.

“సరే, పోనీ” అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరాకుండా ఉంది. “ఇంగొకటి అడుగుతా. దానికన్నా చెప్పు. మూడేండ్ల కింద పిల్లి దూకిందన్యావు. మూడు తూర్లు దూకిందన్యావు. మూడు తూర్లూ హంస మెడ కాడనే తెగినాయి పోగులు.”

“ఇదో... నేను...”

“నేనూ నోరు మూసుకుని మళ్ళీ నేసినా. నువ్వు దాచేది చూసి, నేనూ దాస్తే మేలనుకున్యా. మోకాలన్యా.” అద్దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాడు. “నరసీ, మనింట్లో పిల్లి యాడుండె?”

లోపల మగ్గం ఆగింది.

నరసమ్మ తిరిగి చూసేలోపలే వెంకటరాముడు గడపలో ఉన్నాడు. చేతిలో నాడె అట్లాగే ఉంది. దాని నుంచి ఎర్ర పట్టుపోగు సాగి, లోపలి మగ్గం దాకా బిగిసి ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే తెగుతుంది.

“మూడేండ్ల కిందనా?” అన్నాడు. “మా... నీకు తెలుసునా?”

మునెమ్మ రాట్నం కూడా ఆగిపోయింది. ఏ మాటను కప్పడానికీ ఇంక ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు.